వారంలో కొన్ని రోజులు మందు ముట్టకుండా: నా అనుభవం

మద్యం తగ్గించుకోవాలన్న నిర్ణయం బలపడిన తరువాత, వారంలో కొన్ని రోజులు అసలు ముట్టకుండా ఉండడం ఎంతవరకు పనిచేస్తుందో ముందుగా చదివి తెలుసుకోవాలనుకున్నాను. నిజానికి ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. శనివారమని, కార్తీక మాసమని మానేవారు మా కూకట్‌పల్లి వీధిలోనే చాలామంది ఉన్నారు. అయ్యప్ప మాల వేసుకొని 41 రోజులు ఎంతో నిష్ఠగా ఉండి, మాల తీయగానే పాత మోతాదుకే వచ్చేసినవారినీ దగ్గర నుంచి చూశాను. అందుచేత ఎన్ని రోజులు మానామన్నదానికంటే, మిగిలిన రోజుల్లో ఎంత తాగుతున్నామన్నదే అసలు ప్రశ్న అనిపించింది.

బ్రిటన్ ప్రధాన వైద్యాధికారులు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రెండింటినీ కలిపే చూశాయి. వారానికి 14 యూనిట్లు మించరాదని, అంతవరకు తాగేవారు కూడా దానిని కనీసం మూడు రోజులకు పంచుకోవాలని, తగ్గించదలచినవారికి కొన్ని రోజులు పూర్తిగా మానడం మంచి మార్గమని వాటి సారాంశం. యూనిట్ అంటే 10 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్. మన విస్కీ క్వార్టర్ సీసా మీద 42.8 శాతమని ముద్రించి ఉంటుంది కనుక, 180 మి.లీ.లో సుమారు 77 మి.లీ. ఆల్కహాల్, అంటే దాదాపు 7.7 యూనిట్లు ఉన్నట్లు. రెండు క్వార్టర్లతోనే వారం పరిమితి దాటిపోతుంది! ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైగా ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

మొదలుపెట్టే ముందు మానసిక వైద్యుణ్ణి కలిశాను. ఈ పని ఎవరూ దాటవేయకూడదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, చెమటలు పట్టడమే కాక ఫిట్స్ కూడా రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆయన పది ప్రశ్నల పత్రం ఒకటి నింపించి, నా విషయంలో అంత ప్రమాదం లేదని నిర్ధారించిన తరువాతే సరేనన్నారు.

సోమవారం నుంచి గురువారం వరకు ముట్టకూడదని పెట్టుకున్నాను. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో మనసు బాగా లాగేది. వైన్స్ ముందు నుంచి వచ్చే దారి వదిలి మెట్రోలో ఇంటికి చేరి, స్నానం చేసి, మా ఆవిడ ఇచ్చే అల్లం మజ్జిగ తాగి వెంటనే భోజనానికి కూర్చునేవాణ్ణి. కడుపు నిండాక ఆ కోరిక చాలావరకు సద్దుమణిగేది.

కష్టమంతా ఆదివారాలదే. "నాలుగు దినాలు బంద్ పెట్టినవ్ గదా అన్నా, ఇయ్యాల ఇంకో పెగ్గు ఏస్కో" అని స్నేహితులు ప్రేమతోనే అంటారు. ఆ ఒక్క మాటకు లొంగితే నాలుగు రోజుల ఫలితం ఒక్క పూటలో పోతుంది. అందుకే దగ్గు మందు సీసా మూతతో కొలిచి పోసుకొని, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే యూనిట్లు రాసి, వారం చివర కూడుతున్నాను. ఆ మొత్తం నెమ్మదిగా దిగుతోంది, తెల్లవారుజామున మెలకువ రావడం కూడా తగ్గింది. ఈ మధ్య మా బావమరిది తానూ ఇలాగే మొదలుపెడతానంటే, ముందు వైద్యుణ్ణి కలవమని, వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పాను.