చెక్కుచెదరని హెల్మెట్

"అక్కా, హెల్మెట్‌కి ఏమీ కాలేదు చూడు. మరి నాకెందుకిలా ఉంది?"

మా చెల్లి ఈ మాట అడిగినప్పుడు గదిలో కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. వెలుతురు చూస్తే తల పగిలిపోతోందని మూడు రోజులుగా చీకట్లోనే పడుకుంటోంది. సైకిల్ మీద మలుపు తిరుగుతుంటే ముందు చక్రం జారి పక్కకు పడింది. పెద్ద వేగమేమీ లేదు. తల పక్కభాగం రోడ్డుకు తగిలింది. తనే లేచి, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. స్కాన్‌లో ఏమీ కనపడలేదు. కంకషన్, అంటే కుదుపు వల్ల మెదడుకు తగిలిన దెబ్బ, అన్నారు డాక్టరుగారు. మన పెద్దవాళ్ల నోట వినే 'మూగదెబ్బ' అన్న మాట ఈ గాయానికి ఎంత సరిగ్గా సరిపోతుందో నాకు అప్పుడే తెలిసింది. పైకి చిన్న గీత కూడా ఉండదు. తను మళ్లీ పది పేజీలు ఆపకుండా చదవడానికి ఆరు వారాలు పట్టింది.

నా ఉద్యోగం క్రీడల హెల్మెట్లకు లోపలి ఫోమ్ డిజైన్ చేయడం. అందుకని ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. తన హెల్మెట్ నేను చేసింది కాదు, కానీ నేను చేసేవాటికి దానికి పెద్ద తేడా లేదు. అన్ని పరీక్షలూ పాసైన హెల్మెట్ అది.

దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్లి బ్యాండ్ సా మీద సగానికి కోయించాను. దెబ్బ తగలని వైపు వెర్నియర్ పెట్టి చూస్తే ఫోమ్ మందం 27 మిల్లీమీటర్లు. తగిలిన వైపు 24. అంటే నలిగింది మూడే మిల్లీమీటర్లు. మా ల్యాబ్‌లో హెల్మెట్లను ఎత్తు నుంచి వదిలి చూసే డ్రాప్ పరీక్షలు చూసుకునే పెద్దాయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి, "ఇది పనే చేయలేదమ్మా" అన్నారు.

ఆయన మాట అర్థం కావాలంటే హెల్మెట్ పని ఏమిటో కొంచెం చెప్పాలి. చాలామంది కొనేముందు పైన వేలితో కొట్టి చూస్తారు, లోపల బొటనవేలితో నొక్కి చూస్తారు. గట్టిగా ఉంటే మంచిదనుకుంటారు. పైన ఉండే డొప్ప పని వేరు: మొనదేలిన రాయి గుచ్చుకోకుండా ఆపుతుంది, దెబ్బను కాస్త వెడల్పుగా పరుస్తుంది. తలను ఆపే పని లోపలి ఫోమ్‌ది. సైకిల్ హెల్మెట్లలో అది ఎక్కువగా థర్మోకోల్ రకమే, కాకపోతే పెట్టెల్లో పెట్టేదానికన్నా చాలా చిక్కనిది. అందులో నూటికి తొంభై వంతులకు పైగా గాలే. తల వచ్చి తగలగానే ఆ సన్నని గదుల గోడలు ఒక్కొక్కటే వంగి కూలిపోతాయి. కూలుతూ తలకు ఆగడానికి దూరం ఇస్తాయి.

ఆ దూరమే అంతా. దీనికి ఒక సులువైన లెక్క ఉంది. తల రెండు మీటర్ల ఎత్తు నుంచి పడిందనుకోండి. నేలను తాకేసరికి వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, తల సగటున గురుత్వానికి ఎన్ని రెట్ల కుదుపు పడిందో వస్తుంది. రెండు సెంటీమీటర్లలో ఆగితే 100 రెట్లు. ఒక సెంటీమీటరులో ఆగితే 200. హెల్మెట్ లేకుండా రెండు మిల్లీమీటర్లలో ఆగితే 1000. మేం దీన్ని 'జీ'లలో చెప్పుకుంటాం: 100 జీ, 200 జీ. రెండు సెంటీమీటర్లలో ఆగడానికి పట్టే సమయం ఆరు మిల్లీసెకన్ల పైచిలుకు. రెప్పపాటులో పదో వంతు కూడా కాదు. నేను ఏళ్ల తరబడి చేస్తున్న పనంతా ఆ ఆరు మిల్లీసెకన్లలోనే ఉంది.

ఇప్పుడు మా చెల్లి హెల్మెట్ దగ్గరికి వస్తాను. ఫోమ్ నలిగాక కొంత వెనక్కి లేస్తుంది కాబట్టి, కొలిచిన మూడు మిల్లీమీటర్లే అసలు నలిగినంత అనుకోకూడదు. అందుకని అదే మోడల్ హెల్మెట్లు తెప్పించి, లోపల లోహపు తల పెట్టి, తక్కువ ఎత్తు నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ వదిలాం. మీటరు ఎత్తు దగ్గర అదే మూడు మిల్లీమీటర్ల గుంట పడింది. ఆ దెబ్బకు తలలోని సెన్సర్ చూపించిన గరిష్ఠం 150 జీ పైన. ఇంకా పదిహేను మిల్లీమీటర్ల పైగా ఫోమ్ వాడకుండా అలాగే మిగిలిపోయింది. ఆ మిగిలిన ఫోమ్ కూడా నలిగి ఉంటే కుదుపు బాగా తగ్గేది. నలగలేదు, ఎందుకంటే దాన్ని అంతకన్నా పెద్ద దెబ్బ కోసం గట్టిగా చేశారు.

ఇందులో తయారీదారు మోసం ఏమీ లేదు. అమెరికాలో 1999 నుంచి అమలులో ఉన్న సైకిల్ హెల్మెట్ ప్రమాణం ప్రకారం చదునైన దాగలి (ఇనప దిమ్మె) మీద రెండు మీటర్ల నుంచి వదిలితే 300 జీ దాటకూడదు. యూరప్ ప్రమాణంలో వేగం కాస్త తక్కువ, హద్దు 250 జీ. పుర్రె పగలకుండా, ప్రాణం పోకుండా కాపాడటానికి పెట్టిన హద్దులివి. ఆ పని అవి బాగానే చేశాయి. అయితే పెద్ద దెబ్బకు చిన్న హద్దు పెట్టలేం కదా అని చదునైన చోట తగిలే చిన్న దెబ్బ గురించి అసలు అడగడమే మానేశాయి. డిజైన్ చేసేవాళ్లు ఏ పరీక్ష పెడితే దానికి చదువుతారు. నేనూ అంతే చదివాను. చదునైన దిమ్మె మీద మీటరు ఎత్తు నుంచి వదిలి చూడాలని అంతకుముందు నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. నిజానికి మామూలుగా జనం పడేది ఇలాగే ఎక్కువ.

సరే, మెత్తటి ఫోమ్ పెడదాం అనుకున్నాం. మీటరు దగ్గర కుదుపు గ్రాఫ్ చక్కగా కిందికి దిగింది. రెండు మీటర్ల దగ్గర మొదట్లో అంతా బాగుండి, చివర్లో గీత నిట్టనిలువుగా లేచింది. ఫోమ్ మొత్తం నలిగిపోయి, ఇంక నలగడానికి చోటు లేక రాయిలా మారిపోవడం అది. 'బాటమ్ అవుట్' అంటాం. ఆ చివరి గీత ప్రాణం తీస్తుంది. మరి మందం పెంచితే? రెండు సెంటీమీటర్లు పెంచితే లెక్క సులువుగా తేలుతుంది. కానీ బరువు పెరుగుతుంది, తల ఒక గుమ్మడికాయంత అవుతుంది, జనం పెట్టుకోరు. ఇంట్లో మేకుకు వేలాడే హెల్మెట్ ఎంత మందంగా ఉండి ఏం లాభం?

చివరికి రెండు రకాల సాంద్రత దగ్గరికి వచ్చాం. తల వైపు మెత్తటి పొర, డొప్ప వైపు గట్టి పొర, మధ్యలో శంకువుల ఆకారంలో ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. చిన్న దెబ్బకు మెత్తటి శంకువులు నలుగుతాయి. దెబ్బ పెద్దదయ్యేకొద్దీ గట్టిది అందుకుంటుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, మార్కెట్లో ఇలాంటివి ఉన్నాయి. కష్టమంతా శంకువు కోణంలో, పొరలు అతుక్కునే చోట ఉంది. మొదటి నమూనాలు మామూలు వేడిలో బాగా వచ్చాయి. ప్రమాణం ప్రకారం 50 డిగ్రీల దగ్గర వేడి చేసి, సున్నాకు 15 డిగ్రీల కింద చల్లబరిచి, నీళ్లలో నానబెట్టి కూడా పరీక్షించాలి. వేడి చేసిన నమూనా మెత్తబడి మళ్లీ బాటమ్ అవుట్ అయింది. చల్లటిదాంట్లో మెత్తటి పొర బిగుసుకుపోయి, ఉన్నా లేనట్టే అయింది. ఆ నెలంతా నాకు ఒకటే టెన్షన్.

పదకొండో నమూనా నాలుగు స్థితుల్లోనూ నిలబడింది. మీటరు దగ్గర 105 జీ. రెండు మీటర్ల దగ్గర మాత్రం పాతదానికన్నా పెరిగి 225 అయింది. దీని మీద మా టీమ్‌లో వాదన జరిగింది. పెద్ద దెబ్బ దగ్గర ఉన్న రక్షణలో కొంత తీసి చిన్న దెబ్బకు ఇస్తున్నామని ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పాడు. అతని మాటలో న్యాయం ఉంది. హద్దులోపలే ఉన్నాం కాబట్టి, తరచూ జరిగే దెబ్బ వైపే మొగ్గాలన్నది నా నిర్ణయం. ఇప్పటికీ అదే అంటాను.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. మా చెల్లి నిట్టనిలువుగా పడలేదు. ముందుకు వెళుతూ పక్కకు పడింది. రోడ్డు హెల్మెట్‌ను పట్టి తిప్పింది. ఒక గిన్నెలో నీళ్లు పోసి గభాలున తిప్పి చూడండి. గిన్నె తిరుగుతుంది, నీళ్లు అక్కడే ఉంటాయి. పుర్రెకు మెదడుకు మధ్య జరిగేది కొంత ఇలాంటిదే. మెదడును నొక్కితే పెద్దగా కుంచించుకోదు, కానీ పక్కకు లాగితే సులువుగా సాగుతుంది. ఆ సాగడం వల్లే గాయమవుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్త 1943లోనే రాశాడు. అయినా నేను పైన చెప్పిన రెండు సైకిల్ ప్రమాణాల్లోనూ హెల్మెట్‌ను తిన్నగా కిందికి వదలడమే ఉంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

స్వీడన్‌లో న్యూరోసర్జన్ హాన్స్ ఫాన్ హోల్స్ట్, కేటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకుడు పీటర్ హాల్డిన్ కలిసి 'మిప్స్' అనే పద్ధతి తెచ్చారు. హెల్మెట్ లోపల పలుచని పొర ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది ఏ వైపుకైనా 10 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా జారుతుంది. హెల్మెట్ తిరిగినంత తల తిరగదు. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్లకు, 2018లో సైకిల్ హెల్మెట్లకు స్టార్ రేటింగులు మొదలుపెట్టారు. తిప్పే దెబ్బలను, చిన్న దెబ్బలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. పాస్, ఫెయిల్ అనే రెండు ముక్కలతో సరిపెట్టకుండా ఏది మెరుగో చెప్పడం వల్ల డిజైన్ చేసే మాకు చాలా మేలు జరిగింది.

మేమూ 45 డిగ్రీల ఏటవాలు దిమ్మెకు గరుకు కాగితం అంటించి పరీక్షలు చేస్తున్నాం. అందులో ఒక చిక్కుంది. ల్యాబ్‌లో వాడే తలకు రబ్బరు తొడుగు ఉంటే అది హెల్మెట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి జుట్టుంది, జారే చర్మం ఉంది. మనిషి తల ముందే కొంత జారుతుంది కాబట్టి, రబ్బరు తల మీద జారే పొర చూపించే లాభం అసలు తల మీద అంత ఉండకపోవచ్చు. అందుకే ఒక్క రకం తల మీద వచ్చిన ఫలితాన్ని నేను నమ్మను.

కొత్తగా చేరిన పిల్లలు దాదాపు అందరూ వడ్రంగిపిట్ట గురించి అడుగుతారు. చెట్టును అంతలా పొడిచినా దానికేమీ కాదు కదా, దాని పుర్రెలా హెల్మెట్ చేయొచ్చు కదా అని. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. 2022లో ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వేగంగా తీసే కెమెరాలతో చూస్తే, దాని పుర్రె కుదుపును మింగడం లేదని, గట్టి సుత్తిలా పనిచేస్తోందని తేలింది. కుదుపును మింగితే చెట్టులోకి దిగే బలమే తగ్గిపోతుంది. దాని మెదడు చిన్నది కాబట్టి తట్టుకుంటుంది. మన మెదడుకు ఆ వెసులుబాటు లేదు.

క్రికెట్ హెల్మెట్ గురించి కూడా అడుగుతుంటారు. అది వేరే లెక్క. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వచ్చే 160 గ్రాముల బంతిలో ఉండే శక్తి, రెండు మీటర్ల నుంచి పడే ఐదు కిలోల తలలో ఉండే శక్తి కన్నా ఎక్కువే. కానీ అదంతా రూపాయి బిళ్లంత చోట దిగుతుంది. అక్కడ డొప్పకు, గ్రిల్‌కు పని ఎక్కువ. 2014లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ చనిపోయింది మెడ మీద, హెల్మెట్ కప్పని చోట బంతి తగిలి. ఆ తర్వాతే మెడ వెనక తగిలించే రక్షణలు బాగా వాడకంలోకి వచ్చాయి. ఫోమ్ ఎంత బాగా చేసినా అది లేని చోట దెబ్బ తగిలితే చేయగలిగింది లేదు. పట్టీ వదులుగా పెట్టుకుంటే జరిగేదీ ఇదే. హెల్మెట్ వెనక్కి జారి నుదురు బయటపడుతుంది. దయచేసి పట్టీ సరిగ్గా బిగించుకోండి. ఒకసారి గట్టిగా పడ్డాక పైకి బాగానే ఉన్నా సైకిల్ హెల్మెట్ మార్చండి. నలిగిన గదులు మళ్లీ పూర్తిగా లేవవు.

పోయిన నెల మా చెల్లి ల్యాబ్‌కి వచ్చింది. మళ్లీ సైకిల్ తొక్కుతోంది, మలుపుల దగ్గర మాత్రం ఇంకా కాలు కింద పెడుతుంది. బల్ల మీద తన పాత హెల్మెట్ సగం ముక్క, పక్కన మా పదమూడో నమూనా ఉన్నాయి. నమూనాను చేతిలోకి తీసుకుని లోపల బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"ఇంత మెత్తగా ఉందేంటక్కా? దీంతో ఆగుతుందా?"

"అందుకే ఆగుతుంది" అన్నాను.

వేలు తీసేసరికి అక్కడ చిన్న గుంట పడి ఉంది. ముందే నలిగిన ఫోమ్‌ను పరీక్షకు వాడకూడదు. ఆ నమూనా మీద 'వద్దు' అని రాసి, పాత హెల్మెట్ పక్కనే పెట్టాను. మర్నాడు పద్నాలుగోదాన్ని డ్రాప్‌కి తీసుకెళ్లాం.