ఎక్స్, వై, జెడ్ మూడూ ఉన్న పొడవాటి మాట కోసం

ఇంగ్లీషు అక్షరమాల చివరన వచ్చే ఎక్స్, వై, జెడ్ మూడూ ఉన్న మాట ఒకటి చెప్పమనీ, అది ఎంత పొడవుగా ఉంటే అంత మంచిదనీ ఒక మిత్రుడు అడిగినప్పుడు, పది నిమిషాల్లో తేలిపోయే పని అనుకున్నాను. ఆ ప్రశ్నతో నేను దాదాపు మూడు వారాల సాయంత్రాలు గడిపాను.

మొదటి రెండు రోజులు జ్ఞాపకాన్నే నమ్ముకున్నాను, అక్కడ నా చెవి నన్ను దారి తప్పించింది. తెలుగు లిపికి అలవాటు పడినవాళ్లకు మాట ధ్వనిగా గుర్తుంటుంది గాని స్పెల్లింగుగా గుర్తుండదు. జైలోఫోన్, జైగోట్ రెండూ మనకు ‘జై’తోనే మొదలవుతాయి, కాని ఇంగ్లీషులో మొదటిదానికి ఎక్స్, రెండవదానికి జెడ్ తొలి అక్షరాలు. ఎగ్జామ్ అన్నప్పుడు వినిపించే ‘జ’ కూడా నిజానికి ఎక్స్‌లోని భాగమే. ఇది గమనించాక, తట్టిన ప్రతి మాటనూ కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడడం మొదలుపెట్టాను.

ఆ తరువాత నియమాలు తేల్చుకోవలసి వచ్చింది. మూడు అక్షరాలూ ఏ వరుసలో ఉన్నా ఫరవాలేదా, ఒక అక్షరం రెండుసార్లు రావచ్చా, పేర్లను లెక్కలోకి తీసుకోవాలా అని మిత్రుణ్ణి అడిగితే, వరుసతో పని లేదనీ, రెండుసార్లు వచ్చినా పట్టింపు లేదనీ, పేర్లు మాత్రం వద్దనీ చెప్పాడు. రసాయన సమ్మేళనాల పేర్లను నేనే పక్కన పెట్టాను. ముక్కకు ముక్క అతికిస్తూ వాటిని ఎంత దూరమైనా సాగదీయవచ్చు గనుక, వాటి పొడవుకు నా దృష్టిలో పెద్ద విలువ లేదు.

వెతకడం ఏ అక్షరంతో మొదలుపెట్టాలన్నది తరువాతి ప్రశ్న. అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటలోని నూరు బిళ్లల్లో ‘ఈ’ (E) అనే అక్షరానికి 12 ఉంటే, వైకి 2, ఎక్స్‌కు 1, జెడ్‌కు 1 మాత్రమే ఉంటాయి. జెడ్ విలువ 10, ఎక్స్ విలువ 8, వై విలువ 4. అరుదైన అక్షరాన్ని ముందుగా పట్టుకుంటే వడపోత సగం పూర్తవుతుంది గనుక, ఎక్స్, జెడ్‌లు ఏయే ధాతువుల్లో, ఏయే ప్రత్యయాల్లో నివసిస్తాయో పట్టిక రాసుకున్నాను. ఎక్స్‌కు ఆక్సీ, హెక్సా, టాక్సీ, మాక్సీ వంటి ముక్కలు దొరికాయి. జెడ్‌కు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది క్రియల చివర వచ్చే ‘ఐజ్’ అనే ప్రత్యయం. కాని బ్రిటిష్ రాతలో చాలామంది అక్కడ జెడ్ బదులు ఎస్ రాస్తారు, అప్పుడు నాకు కావలసిన అక్షరమే మాయమవుతుంది. ఆక్సిజన్‌లో ఎక్స్, వై పక్కపక్కనే ఉన్నాయి, అమెరికన్ రాతలో దానికి ఈ ప్రత్యయం చేరిస్తే ఆక్సిజనైజ్ అవుతుంది, తొమ్మిది అక్షరాలు. ఇది నా మొదటి ఫలితం, కంప్యూటర్ సాయం లేకుండా దొరికింది గనుక ఇప్పటికీ నాకు ఇష్టమైనది.

ఆ తరువాతే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో తరచు కనిపించే ఒక పాత పదజాబితా, 1934 నాటి వెబ్‌స్టర్ మహానిఘంటువు రెండవ కూర్పు నుంచి తీసినది, నా దగ్గర ఉంది. అందులో 2,34,936 మాటలున్నాయి. వాటిని గ్రెప్ అనే వెతుకుడు సాధనంతో జల్లెడ పట్టాను. ఎక్స్, ఆ తరువాత ఎక్కడో వై, ఆ తరువాత ఎక్కడో జెడ్ ఉన్న మాటలు కావాలని సూత్రం రాశాను. రసాయన నామాలను తీసివేశాక మిగిలినవాటిలో ఆక్సిజనైజ్‌మెంట్ అనే 13 అక్షరాల మాట కనిపించింది, సంతోషంగా మిత్రుడికి పంపాను.

తప్పు మరునాటికి గాని కనిపించలేదు. వరుసతో పని లేదని మిత్రుడు ముందే చెప్పినా, నేను రాసిన సూత్రం ఒక్క వరుసనే ఒప్పుకుంటోంది. మూడు అక్షరాలు ఆరు వరుసల్లో రావచ్చు, మిగిలిన ఐదింటినీ నా చేతులతో నేనే కొట్టివేశాను. ఆరింటికీ ఆరు సూత్రాలు రాయడం కంటే సులువైన దారి ఉంది. ముందు ఎక్స్ ఉన్న మాటలన్నీ తీసి, వాటిలో వై ఉన్నవి ఏరి, మిగిలినవాటిలో జెడ్ ఉన్నవి వడకట్టి, చివరకు పొడవు ప్రకారం పేర్చుకుంటే చాలు.

ఈసారి జైగోమాటికోమాక్సిలరీ కనిపించింది. జెడ్, వై, జీ, ఓ, ఎమ్, ఏ, టీ, ఐ, సీ, ఓ, ఎమ్, ఏ, ఎక్స్, ఐ, ఎల్, ఎల్, ఏ, ఆర్, వై అని వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను, 19 అక్షరాలు. జెడ్ మొట్టమొదటే ఉండడం వల్ల నిన్నటి సూత్రానికి అది అందలేదు. చెంప ఎముకకూ పై దవడ ఎముకకూ సంబంధించినది అని దాని అర్థం, ఆ రెండు ఎముకలు కలిసే అతుకును వైద్యులు ఈ పేరుతోనే పిలుస్తారు. తొలి భాగానికి మూలమైన గ్రీకు మాటకు కాడి అని అర్థం, మన యుగ్మం, యుగళం అనే మాటలకు అది దూరపు బంధువు. జాబితాలో ఉన్నంత మాత్రాన మాటను నమ్మను గనుక, శరీరశాస్త్ర పుస్తకంలో దాని వాడుక చూసిన తరువాతనే సమాధానం పంపాను. స్క్రాబుల్ పలక వెడల్పు 15 గళ్లే గనుక ఆ ఆటలో దీనికి చోటు లేదు.

పాత జాబితాకు ఉన్న హద్దు కూడా ఈ వెతుకులాటలోనే తెలిసింది. దురదకూ ఆందోళనకూ ఇచ్చే హైడ్రాక్సిజీన్ అనే మందు పేరులో ఎక్స్, వై, జెడ్ వరుసగా, మధ్యలో మరో అక్షరం లేకుండా వస్తాయి. అది 1950లలో వచ్చిన మందు గనుక 1934 నాటి జాబితాలో ఉండే అవకాశమే లేదు. రెండవ వై ఉన్నా, 11 అక్షరాలే అయినా, మందు పేరు కాబట్టి నా నియమం ఒప్పుకోకపోయినా, దాన్ని కూడా అదే కాగితం మీద, 19 అక్షరాల మాట కింద, విడిగా రాసి ఉంచుకున్నాను.