ఫ్లోరెన్స్ కేథడ్రల్: టికెట్ కొనడం నుంచి 463వ మెట్టు దాకా

ఇటలీలోని ఫ్లోరెన్స్ కేథడ్రల్ లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. ప్రయాణం ఆలోచన మొదలుపెట్టిన రోజున నాకు ఈ ముక్క తెలియదు. "కేథడ్రల్ టికెట్" అని వెతికితే ఎన్నో అమ్మకపు సైట్లు, రకరకాల ధరలు కనిపించాయి. ఉచితంగా వెళ్లే చోటికి డబ్బు కట్టించుకునేవి కూడా వాటిలో ఉన్నాయి. అసలు సంగతి ఇది. శాంటా మారియా డెల్ ఫియోరె అనే ప్రధాన ప్రార్థనా మందిరం అందరికీ ఉచితం. టికెట్ కావలసింది దాని చుట్టూ, పైనా, కిందా ఉన్న ఐదు చోట్లకు: బ్రూనెలెస్కీ కట్టిన గుమ్మటం, జొట్టో గంటగోపురం, బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం), మ్యూజియం, నేల కింద బయటపడిన పాత చర్చి శాంటా రెపరాటా.

వీటికి విడివిడిగా టికెట్లు ఉండవు, పాస్‌లు ఉంటాయి. బ్రూనెలెస్కీ పాస్‌లో ఐదూ ఉంటాయి, పెద్దలకు 30 యూరోలు. జొట్టో పాస్‌లో గుమ్మటం తప్ప మిగతా నాలుగూ ఉంటాయి, 20 యూరోలు. ఘిబెర్టీ పాస్‌లో మెట్లెక్కే పని ఏదీ లేదు. మ్యూజియం, బాప్టిస్టరీ, శాంటా రెపరాటా మాత్రమే, 15 యూరోలు. నేను కొన్నప్పటి ధరలు ఇవి. 7 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బాగా తక్కువ, ఆరేళ్ల వరకు ఉన్నవారికి ఉచితం. అయితే ఉచితమైనా సరే, పిల్లల పేరున కూడా సున్నా ధర టికెట్ తీసుకోవాలి. గుమ్మటంలోకి ఒక్కో వేళకు ఇంతమంది అని లెక్క కట్టి పంపుతారు, ఆ లెక్కలో చంటిపిల్లాడు కూడా ఒక మనిషే.

ఏ పాస్ కొనాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: గుమ్మటం ఎక్కుతారా, ఎక్కరా? లిఫ్టు లేదు. 463 మెట్లు. దారి ఇరుకు, కొన్నిచోట్ల భుజాలు రెండు గోడలకూ తగులుతాయి. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో వెనక్కి తిరగడం సులభం కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఎత్తులో కళ్లు తిరిగేవాళ్లు, మూసిన చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు ఎక్కవద్దని నిర్వాహకులే చెబుతారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. మీ కోరిక ఎర్రటి గుమ్మటాన్ని దగ్గరగా ఫొటో తీసుకోవడమే అయితే గుమ్మటం ఎక్కి లాభం లేదు, ఎక్కితే అది మీ కాళ్ల కింద ఉంటుంది. ఎదురుగా కనిపించేది గంటగోపురం మీద నుంచే. అలాంటివాళ్లకు జొట్టో పాస్ చాలు, పది యూరోలు మిగులుతాయి.

గుమ్మటం ఎక్కాలని నిశ్చయించుకుంటే, ఇక మీరు కొంటున్నది టికెట్ కాదు, ఒక వేళ. ప్రయాణంలో మిగతావన్నీ ఆ వేళ చుట్టూ అల్లుకోవాలి. నేను విమానం, బస ఖాయం కాగానే చేసిన తర్వాతి పని ఇదే. జనం ఎక్కువగా వచ్చే నెలల్లో మంచి వేళలు వారాల ముందే అయిపోతాయి. ఊరు చేరాక టికెట్ కౌంటర్‌కి వెళితే మిగతా పాస్‌లు దొరుకుతాయేమో గానీ, గుమ్మటానికి అదే రోజు ఖాళీ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన పని.

ఏ వేళ తీసుకోవాలి? నా ఓటు ఉదయం మొదటి స్లాట్‌కే. గాలి ఆడని మెట్ల దారిలో పగలు గడిచేకొద్దీ ఉక్కపోత పెరుగుతుంది. పైగా ముందు ఎక్కినవాళ్లు దిగుతూ ఎదురొస్తుంటే పై భాగంలో అడుగడుగునా ఆగాల్సి వస్తుంది. మొదటి స్లాట్‌లో ఎదురొచ్చేవాళ్లు ఇంకా ఉండరు. సాయంత్రపు వెలుగు అందంగా ఉంటుందన్నది నిజమే కానీ, అప్పటికి రోజంతా రాతి వీధుల్లో నడిచిన కాళ్లు మీ మాట వినవు.

కొనేది అధికారిక సైట్‌లోనే. కేథడ్రల్‌ను, దాని చుట్టూ ఉన్న కట్టడాలను 1296 నుంచీ చూసుకుంటున్న సంస్థ ఒపేరా డి శాంటా మారియా డెల్ ఫియోరె. టికెట్లు అమ్మే అసలు చోటు వాళ్లదే. పాస్ ఎంచుకుని, తేదీ నొక్కి, గుమ్మటం వేళ ఎంచుకోవాలి. గంటగోపురానికి కూడా సమయం అడిగితే, దాన్ని గుమ్మటం ఎక్కిన పూటే పెట్టకండి. మరుసటి రోజుకు పెట్టండి. కుటుంబమంతటికీ ఒకే బుకింగ్‌లో కొనాలి. ఇద్దరు ఇప్పుడు, ఇద్దరు రేపు అనుకుంటే ఆ లోపు స్లాట్ నిండిపోతుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేర్లు రాయండి. చెల్లింపు దగ్గర ఆగిపోవడానికి సాధారణ కారణం కార్డులో విదేశీ లావాదేవీలు ఆపి ఉండటం. బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్ ముందే ఆన్ చేసి, ఓటీపీ వచ్చే ఫోను చేతిలో పెట్టుకుని కూర్చోండి. డబ్బు వెళ్లిందో లేదో తేలకుండా పేజీ ఆగిపోతే వెంటనే రెండోసారి కట్టకండి. మొదట మెయిల్, స్పామ్ ఫోల్డర్ చూడండి, బ్యాంకు ఖాతా చూడండి. ఎందుకంటే ఒకసారి ఖాయమైన టికెట్‌కు డబ్బు తిరిగి ఇవ్వరు, వేళ మార్చుకోనివ్వరు. మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను ఫోన్‌లోకి దించి ఉంచుకోండి; గేటు దగ్గర సిగ్నల్ కోసం వెతుక్కోవడం కంటే అది నయం.

పాస్ మూడు రోజులు చెల్లుతుంది. ఇవి క్యాలెండర్ రోజులు, 72 గంటలు కావు. మొదటి తేదీ సాయంత్రం మొదలుపెట్టినా ఆ రోజు పూర్తిగా లెక్కలోకి వచ్చేస్తుంది. ఒక్కో చోటికి ఒక్కసారే ప్రవేశం. ఊరికి చేరే రోజున మాత్రం గుమ్మటం స్లాట్ పెట్టకండి. రైలు గంట ఆలస్యమైతే ముప్పై యూరోలూ పోతాయి, ఎక్కే అవకాశమూ పోతుంది. వారంలో ఏ రోజో కూడా చూసుకోవాలి. ఆదివారం ప్రార్థనల కోసం కేథడ్రల్‌లోకి సందర్శకులను రానివ్వరు. మ్యూజియం ప్రతి నెలా మొదటి మంగళవారం మూసి ఉంటుంది. ఈస్టర్ ఆదివారం కేథడ్రల్ ముందు బాణసంచా నింపిన బండిని పేల్చే వేడుక, స్కోపియో డెల్ కారో, జరుగుతుంది. అది చూడ్డానికి వెళ్తే సరే గానీ, ఆ రోజున పాస్ వాడుకోవాలనుకోవద్దు. పండుగలకు వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు అధికారిక క్యాలెండర్ మరోసారి చూసుకోండి.

నేను పెట్టుకున్న వరస ఇది: మొదటి రోజు మధ్యాహ్నం మ్యూజియం, రెండో రోజు ఉదయం గుమ్మటం, ఆ తర్వాత కేథడ్రల్, శాంటా రెపరాటా, మూడో రోజు గంటగోపురం, బాప్టిస్టరీ. చాలామంది మ్యూజియాన్ని చివరికి నెట్టి, కాళ్లు నొప్పెట్టి వదిలేస్తారు. అది పెద్ద నష్టం. బయట కనిపించే శిల్పాల్లో చాలావాటి అసలు ప్రతులు ఇక్కడే ఉన్నాయి. బాప్టిస్టరీ తూర్పు ద్వారానికి ఘిబెర్టీ 1425 నుంచి 1452 వరకు చేసిన స్వర్గద్వారం తలుపులు, పది పలకలతో, ఇక్కడ గాజు వెనుక ఉన్నాయి. బయట జనం ఫొటోలు తీసుకునేది నకలును. మైకెలాంజెలో ముసలితనంలో చెక్కి, తానే పగలగొట్టబోయిన పియెటా (చనిపోయిన క్రీస్తును పట్టుకున్న శిల్పం), డొనటెల్లో చెక్కతో చేసిన మగ్దలీన మరియ విగ్రహం కూడా ఇక్కడివే. 1587లో కూల్చేసిన కేథడ్రల్ పాత ముఖభాగాన్ని ఒక పెద్ద హాల్లో పూర్తి కొలతలతో మళ్లీ నిలబెట్టారు. మ్యూజియంలో లిఫ్టు ఉంది, పై డాబా నుంచి గుమ్మటం చాలా దగ్గరగా కనిపిస్తుంది. ఎక్కలేనివాళ్లు అక్కడే కాసేపు నిలబడండి.

మ్యూజియం ముందు చూడమనడానికి ఇంకో కారణం ఉంది. గుమ్మటం కట్టిన తీరు తెలిస్తే ఆ మెట్ల దారి వేరేలా కనిపిస్తుంది. 1420 నుంచి 1436 వరకు పదహారేళ్లు కట్టారు. దాదాపు 45 మీటర్ల వెడల్పున్న ఖాళీ మీద, నేల నుంచి కొయ్య ఆధారం లేకుండా లేపారు. అందుకు బ్రూనెలెస్కీ పన్నిన ఉపాయం రెండు పొరల గుమ్మటం: లోపల మందమైనది ఒకటి, బయట పలచనిది ఒకటి. వాటి మధ్య సందులోంచే మనం ఎక్కుతాం. ఇటుకలను అడ్డంగా పేర్చుకుంటూ పోతూ, మధ్యమధ్య నిలువు ఇటుకలు పెట్టి చేపముల్లు వరసలో కట్టడం వల్ల, సున్నం ఆరకముందే వాలిన వరసలు జారిపడకుండా నిలిచాయి. ఆ నిలువు ఇటుకల వరసలు ఎక్కేటప్పుడు చేతికి అందేంత దగ్గరలో కనిపిస్తాయి. మ్యూజియంలో ఆనాటి పనిముట్లు, కప్పీలు, చెక్క నమూనాలు చూసినవాళ్ల కళ్లు వాటిని వెంటనే పట్టుకుంటాయి.

గుమ్మటం ఎక్కే ఉదయం స్లాట్‌కి అరగంట ముందు చౌరస్తాలో ఉండాలి. పెద్ద బ్యాగులు, వీపు సంచులు లోపలికి రానివ్వరు. పాస్ ఉన్నవాళ్లకు ఉచితంగా సామాను భద్రపరిచే గది ఉంది. ముందు అక్కడికి వెళ్లి, తర్వాత ద్వారానికి రావాలి. అందుకే ఆ అరగంట. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. వేసవిలో ఒక పలచటి చున్నీ సరిపోతుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. కేథడ్రల్ ముందు కనిపించే పొడవాటి క్యూ ఉచిత ప్రవేశానిది. గుమ్మటానికి దారి అటు కాదు, ఉత్తరం వైపు గోడకున్న పోర్టా డెల్లా మాండోర్లా అనే ద్వారం. మాండోర్లా అంటే బాదం. ద్వారం పైన నాన్ని డి బాంకో చెక్కిన బాదం ఆకారపు చట్రంలో మేరీమాత కనిపిస్తుంది, అదే గుర్తు. తెలియక ఉచిత క్యూలో నిలబడి స్లాట్ పోగొట్టుకుంటే ఎవరూ ఏమీ చేయలేరు.

మొదటి భాగం స్తంభం లోపల గుండ్రంగా తిరిగే మెట్లు. ఇక్కడ తొందరపడితే పైన ఆయాసం తప్పదు. కొంతసేపటికి గుమ్మటం అడుగున, లోపలి వైపు ఉన్న వసారాలోకి వస్తాం. వజారీ మొదలుపెట్టి, ఆయన చనిపోయాక జుక్కారీ 1579లో ముగించిన తుది తీర్పు చిత్రం ఇక్కడ ముఖాల దగ్గరికి వచ్చేస్తుంది. నేల నుంచి చూస్తే రంగుల ముద్దలా ఉండే దెయ్యాలకు ఇక్కడ గోళ్లు, పళ్లు కూడా కనిపిస్తాయి. వెనుక వాళ్లు తోస్తున్నట్టు అనిపించినా గోడ వైపు జరిగి నిలబడి చూడండి, ఎక్కే పనిలో నాకు అత్యంత విలువైనదనిపించింది ఈ చోటే. ఆ తర్వాత రెండు పొరల మధ్య దారి. గోడ మీ తల మీదికి వాలుతూ వస్తుంది, ఒక్కో మెట్టు ఎత్తు పెరుగుతుంది. చివరి మెట్లు లోపలి గుమ్మటం వంపు మీదుగా నిచ్చెనలా ఉంటాయి. కమ్మీ పట్టుకుని ఎక్కాలి, చేతిలో ఫోను ఉండకూడదు. రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి, ఎందుకంటే శతాబ్దాలుగా అరిగిన రాళ్లు నున్నగా ఉంటాయి. దారిలో మరుగుదొడ్డి లేదు. రానూ పోనూ, పైన నిలబడే సమయం కలిపి గంట వేసుకోండి.

గంటగోపురానికి 414 మెట్లు. 1334లో జొట్టో మొదలుపెట్టాడు, 1337లో చనిపోయాడు, చివరికి 1359లో తలెంటి పూర్తి చేశాడు. మధ్యలో విశాలమైన అంతస్తులు ఉండటంతో ఊపిరి తీసుకోవచ్చు. గుమ్మటంతో పోలిస్తే ఇది దయగల ఎక్కుడు. గుమ్మటం అడుగు భాగాన్ని బయటి నుంచి గమనించండి: ఎనిమిది ముఖాల్లో ఒక్కదానికే చెక్కిన వసారా ఉంది. మైకెలాంజెలో దాన్ని కీచురాళ్ల పంజరమని అన్నాడని, దాంతో మిగతా వైపుల పని ఆగిపోయిందని చెబుతారు.

బాప్టిస్టరీలో పైకప్పు మొజాయిక్‌ల కోసమే వెళ్తుంటే, 2023లో మొదలైన మరమ్మతుల సంగతి ముందే తెలుసుకోండి. పరంజా కట్టి ఉన్నంత కాలం బంగారు పైకప్పు మొత్తం ఒకేసారి కనిపించదు.

గుమ్మటం టికెట్ ఉందని కేథడ్రల్‌లోకి క్యూ తప్పించి పంపరు. దానికి మళ్లీ నిలబడాల్సిందే. మామూలు రోజుల్లో 10:15కి తెరిచి 15:45కి మూస్తారు, అందుకని గుమ్మటం దిగగానే వెళ్లి క్యూలో నిలబడటం మంచిది. లోపల బోసిగా ఉందని చాలామంది నిరాశపడతారు, కారణం మ్యూజియంలో చూసిందే: ఇక్కడి కళాఖండాల్లో చాలావాటిని అక్కడికి తరలించారు. ప్రధాన ద్వారం పైన చిత్రకారుడు ఉచ్చెల్లో 1443లో చిత్రించిన గడియారం వైపు తలెత్తండి. 24 గంటలు, ఒకే ముల్లు, అది మన గడియారాలకు ఎదురు దిశలో తిరుగుతుంది, సూర్యాస్తమయంతో రోజు ముగిసే పాత లెక్క ప్రకారం. అక్కడి నుంచే మెట్లు దిగితే శాంటా రెపరాటా. పాస్ స్కాన్ చేసేది ఇక్కడ, కాబట్టి ఫోన్‌లో ఛార్జింగ్ మిగిలి ఉండాలి. 1972లో బయటపడిన బ్రూనెలెస్కీ సమాధి ఈ కిందే ఉంది, పుస్తకాల దుకాణం పక్కన, కమ్మీల వెనుక. జనం పట్టించుకోకుండా దాటిపోతుంటారు, కుడి ఎడమలు చూసుకుంటూ నడవండి.