తాళంచెవికి నిద్ర లేదు

ఆదివారం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది, తొమ్మిదికే ఎండ చురుక్కుమంటోంది. కర్నూలు సి.క్యాంపు రైతుబజారుకు పోదామని కార్లో కూర్చుని స్టార్ట్ బటన్ నొక్కితే, మీటర్ల మధ్యలో మళ్ళీ అవే పసుపు అక్షరాలు: "కీ బ్యాటరీ లో", అంటే తాళంచెవిలో సెల్లు తగ్గిందని. సంక్రాంతికి మార్పించిన సెల్లు అది, ఇంకా ఉగాది కూడా రాలేదు. అంతకుముందుది దీపావళికి వేయించాం. పండగ పండక్కీ ఒక సెల్లు అడుగుతోంది మహాతల్లి.

"ఇంకోటి వేయించండి. యాభై రూపాయల దానికి ఇంత ఆలోచనా?" అంది మా ఆవిడ, సంచులు వెనక సీట్లో పడేస్తూ.

అందరిదీ ఇదే మాట. ఆఫీసులో అడిగితే మార్చెయ్ అన్నారు, సర్వీసుకు ఇచ్చినప్పుడు అడిగితే మార్చేశాం సార్ అన్నారు, బిల్లులో వేసుకున్నారు కూడా. ఎందుకు అయిపోతోందని ఒక్కరూ అనుకోలేదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో చూస్తే ఏడాది నుంచి రెండేళ్ళు వస్తుందని రాసుంది. యాభై రూపాయలు పోతే పోయాయి, లెక్క తేలకపోతే మాత్రం నాకు అన్నం సయించదు. ట్రెజరీ ఉద్యోగం అలవాటు చేసిన రోగం ఇది.

బజారు పని తొందరగానే అయింది. వంకాయలు బాగున్నాయి, గోంగూర వాడిపోయింది. దారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకుని, రాజ్ విహార్ దగ్గర గడియారాల అంగడి ముందు ఆపాను. ఆదివారమైనా తెరిచే ఉంది. కీలో పట్టే బిళ్ళ సెల్లు, సిఆర్ 2032 కావాలంటే అంగడాయన డబ్బా అంతా గాలించి 2025 తీసిచ్చాడు.

"రెండూ ఒకటే సార్, వేసుకోండి, పనిచేస్తుంది."

పనిచేస్తుంది, నిజమే. రెండూ 3 వోల్టులే, రెండూ 20 మిల్లీమీటర్ల వెడల్పే. కానీ నంబరులోని చివరి రెండంకెలు మందం చెప్తాయి. 32 అంటే 3.2 మిల్లీమీటర్లు, 25 అంటే 2.5. మందం తగ్గిన మేర సత్తువా తక్కువే, పైగా లోపల వదులుగా కూర్చుని ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. నేను 2032 కోసమే పట్టుబట్టేసరికి వెనక గూట్లోంచి ఒక అట్ట తీశాడు. అట్ట మీది గడువు తేదీ కూడా చదివి తీసుకున్నా. నా చాదస్తానికి ఆయనకు విసుగొచ్చినట్టుంది, చిల్లర బల్ల మీద టపీమని పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి మా అక్క కొడుకు దిగాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడు ఎక్కడికి పోయినా సంచీలో ఒక పసుపు పచ్చ మల్టీమీటరు ఉంటుంది. ఉగ్గాని తినడం ఆపి మరీ విన్నాడు నా గోడు.

"మామా, ముందు నిజంగా సెల్లే వీకయిందా, లేక కారు ఊరికే అంటోందా చూడాల."

వరండాలో పాత దినపత్రిక పరిచి కూర్చున్నాం. కీ పక్కన ఉన్న చిన్న గడి నొక్కి లోపలి ఇనుప తాళాన్ని బయటికి లాగాడు. అది వచ్చిన సందులోకి, గీత పడకుండా గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరు మొన దూర్చి మెల్లగా తిప్పాడు. టక్కుమని రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల ప్లాస్టిక్ మీద సిఆర్ 2032 అని పోత పోసిన అక్షరాలు, వాటి మీద సెల్లు, కింద రెండు రాగిరంగు రేకు నాలుకలు. నేను వేలితో తీయబోతే చెయ్యి పక్కకు నెట్టాడు. వేళ్ళకుండే జిడ్డు సెల్లు మీద పొరలా అంటుకుంటే కరెంటు సరిగా అందదంట. అంచులు పట్టుకుని తీయాలి. కొన్ని కంపెనీలు పిల్లలు నోట్లో పెట్టుకోకుండా సెల్లుకు చేదు పూత పూస్తాయి, ఆ పూత కూడా ఒక్కోసారి అడ్డం పడుతుందని చెప్పాడు. దూదికి స్పిరిట్ అద్ది రేకులు తుడిచి, కొద్దిగా పైకి లేపాడు. తుప్పు లేదు, వంకర లేదు.

ఇక కొలత. పాత సెల్లు 2.94 వోల్టులు చూపించింది. నాకు ఆశ్చర్యం వేసింది, 3కి దగ్గరే కదా, ఇంకేం వీకు?

"ఊరకే కొలిస్తే అన్నీ బాగానే చూపిస్తాయి మామా, పని చెప్పి కొలవాల" అని సంచీలోంచి సెల్లు చేత కరెంటు ఖర్చు పెట్టించే చిన్న ముక్క, నూరు ఓముల రెసిస్టరు తీసి సెల్లుకు ఆనించి చూపించాడు. ఒక్క క్షణంలో అంకె 2.2కు జారింది. కొత్తది ఊరకే 3.27 ఉంది, అదే పని చెప్తే 2.9 దగ్గర నిలబడింది. సెల్లు అరిగేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, కీ సిగ్నలు పంపే క్షణంలో గట్టిగా కరెంటు అడిగితే వోల్టేజీ కూలబడుతుంది. కాబట్టి కారు చెప్పింది నిజమే. చలి దేశాల్లో పొద్దున్నే వార్నింగ్ వచ్చి మధ్యాహ్నానికి పోతుందని కూడా చెప్పబోయాడు గానీ, కర్నూల్లో కూర్చుని ఆ మాట అనలేక వాడే నవ్వేశాడు.

అయితే ఎవరు తాగుతున్నారు ఈ కరెంటును? కీకి తొడిగిన సిలికాన్ కవరు బటన్ మీద ఒత్తి, అది ఇరవై నాలుగ్గంటలూ నొక్కినట్టే ఉంటుందేమోనని మొదట అనుమానం వచ్చింది. కవరు తీసి, వేసి, చీకటి గదిలో పెట్టి చూశాం. బటన్ నొక్కితే తప్ప ఎర్రలైటు వెలగడం లేదు. అది కాదు.

ఇక్కడ నేను కాగితం తీసుకున్నా. ఈ సెల్లులో సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటల సరుకు ఉంటుంది. రెండేళ్ళు రావాలంటే దాదాపు 17,500 గంటలు, అంటే సగటున మిల్లీ ఆంపియరులో ఎనభయ్యో వంతు చొప్పున ఖర్చు పెట్టుకోవాలి. మాది సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా 1,400 గంటల్లో ఖాళీ అయింది. అంటే సగటున 0.15 మిల్లీ ఆంపియరుకు పైనే. ఉండాల్సినదానికి పన్నెండింతలు! తలుపు తీయడానికి, వేయడానికి నొక్కే నొక్కుళ్ళకు ఇంత పోదు. ఒక్కో నొక్కుడుకు అర సెకను పని, ఆ లెక్కన వేల నొక్కుళ్ళు వస్తాయి. మనం ముట్టుకోని వేళల్లోనే ఖర్చవుతోందన్నమాట. బడ్జెట్టులో కనపడని ఖర్చు దొరికితే నాకు వచ్చే హుషారు వేరు, మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి "ఏమైంది?" అంది.

"రెండో కీ ఎక్కడుంది?" అన్నాను.

పడకగది బీరువాలో ఉంది. దానికీ అదే సంక్రాంతికి, అదే అట్టలోని సెల్లే వేశారు. తెచ్చి విప్పి కొలిస్తే 3.19, పని చెప్పినా 2.8 కంటే తగ్గలేదు. ఒకే కారు, ఒకే రకం సెల్లు, ఒకే రోజు వేసింది. బీరువాలోది కుశాలుగా ఉంది, హాల్లోది కొనప్రాణంతో ఉంది.

హాల్లో కీ ఎక్కడ పెడతామంటే, గుమ్మం పక్కన గోడకున్న మేకుకు తగిలిస్తాం. ఆ గోడకు అవతల పోర్టికో. మాది ఇరుకు ఇల్లు, కారు పెడితే గోడకూ డోరుకూ మధ్య మనిషి అడ్డంగా తిరిగి పోవాలి. డ్రైవరు వైపు డోరు పిడి సరిగ్గా ఆ మేకుకు ఎదురుగా వస్తుంది. మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒక్కటే అడ్డం.

మేనల్లుడు లేచి నిలబడ్డాడు. "మామా, కీ మేకుకు తగిలియ్యి. నేను బయటికి పోతా."

పోయి, చేతులు రెండూ ఖాళీగా ఎత్తి చూపించి, డోరు పిడి మీది నల్ల బటన్ నొక్కాడు. కుయ్ కుయ్ మంది. పక్క అద్దాలు విచ్చుకున్నాయి, లాకులు లేచాయి, తలుపు తెరుచుకుంది. కీ ఇంకా నా కళ్ళ ముందు మేకుకు ఊగుతోంది.

నాకు బ్యాటరీ సంగతి ఒక్క నిమిషం మరుపుకొచ్చింది. రాత్రిళ్ళు గేటు దూకి ఎవడొచ్చి ఆ బటన్ నొక్కినా కారు తలుపు తీసి స్వాగతం పలికేదన్నమాట.

సంగతేంటంటే, ఇలాంటి కారు తక్కువ ఫ్రీక్వెన్సీలో, 125 కిలోహెర్ట్జ్ దగ్గర, కీని పిలుస్తుంది. ఆ పిలుపు మీటరు దూరం దాటి పెద్దగా పోదు, కానీ ఇటుక గోడ దానికి లెక్క లేదు. పిలుపు వినగానే కీ మేలుకుని 433 మెగాహెర్ట్జ్ మీద నేనున్నానని బదులిస్తుంది. వినడానికి అయ్యే ఖర్చు తక్కువ, బదులివ్వడానికే ఎక్కువ. పైగా మనిషి దగ్గరికి రాగానే అద్దాలు విప్పి లైట్లు వెలిగించే ముచ్చట మా కారుకు ఉంది. దాని కోసం అది ఎవరూ పిడి ముట్టుకోకపోయినా ఉండుండి పిలుస్తూనే ఉంటుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అమ్మకు మల్లే మా కీ రాత్రంతా లేచి పలుకుతూ కూర్చుంది. పుస్తకంలో మళ్ళీ వెతికితే, టీవీ, కంప్యూటరు, ఫోను చార్జరు లాంటివాటికి మీటరు దూరం లోపల కీని పెట్టొద్దని కూడా ఉంది. మేకుకు కింద ఏముందనుకున్నారు? ఇంట్లోవాళ్ళందరి చార్జర్లు పెట్టుకునే ప్లగ్ బాక్సు.

అప్పటిదాకా ఈజీచైరులో పేపరు చదువుకుంటున్న మా నాయన తల ఎత్తాడు.

"ఆ మేకు నేను కొట్టిందిరా. గోడ కట్టిన కాన్నుంచి ఉండాది. స్కూటరు తాళం ముప్పై ఏండ్లు తగిలించినా, ఒక్కనాడు బ్యాటరీ అయిపోలే."

దీనికి జవాబేముంది! మేనల్లుడు నవ్వాపుకోలేక పోర్టికోలోకి పోయినాడు.

వాడిదింకొక సరదా. సెల్లు పూర్తిగా తీసేసిన కీని తెచ్చి, లోపలి ఇనుప తాళంతో డోరు తీసి, ఆ ఉత్త చిప్పను స్టార్ట్ బటన్‌కు ఆనించి, దాంతోనే బటన్ నొక్కాడు. కారు స్టార్టయింది. బటన్ వెనక ఉన్న తీగచుట్ట నుంచి కీలోని చిప్పుకు కావలసిన కాస్త శక్తీ అందుతుందంట, సెల్లుతో పనిలేదు. ఓర్వకల్లు దాటాక నడిరోడ్డు మీద కీ చచ్చిపోతే ఎట్లా అని మా ఆవిడకు ఎప్పుడూ ఉండే భయం. చేతికిచ్చి తనతో కూడా చేయించాను. మొదటిసారి బ్రేకు తొక్కకుండా నొక్కి, నా మాట నమ్మలేదు. రెండోసారి స్టార్టయ్యాక మాత్రం మూతి తిప్పి "ఇది ముందే చెప్పుంటే పోయేది కదా" అంది.

కీకి కొత్త చోటు వెతకడమే ఈ రోజుకు పెద్ద పంచాయితీ అయింది. బీరువా అంటే ప్రతిసారీ లోపలికి పోవాలని ఆమెకు ఇష్టం లేదు. ఫ్రిజ్ మీద అంటే నాకు ఇష్టం లేదు. ఆఖరికి మూత గట్టిగా పడే స్టీలు డబ్బా ఒకటి దొరికింది. కీని అందులో వేసి మూత పెట్టి, డబ్బాను డోరు పక్కనే పట్టుకుని బటన్ నొక్కి చూశాం. పలకలేదు. మూత కాస్త ఎత్తితే మళ్ళీ కుయ్ కుయ్. నాలుగైదుసార్లు మూత తీసి వేసి ఆడుకున్నాం, ఇద్దరు పెద్ద మనుషులం. డబ్బా ఇప్పుడు వంటింటి మొదటి అరలో, మెంతుల డబ్బా పక్కన ఉంది. "కారు తాళం పోపుల డబ్బాల్లో పెట్టుకునే కాలమొచ్చె" అని నాయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

పాత సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి పై అటకలో పెట్టాను, పనికిరాని ఫోన్లతో పాటు ఈ-వేస్టు వాళ్ళకు ఇచ్చేయాలి. వచ్చేవారం చెల్లెలు పాపను తీసుకొస్తోంది. ఈ సెల్లులు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే పుండు పడొచ్చు, చిన్నపిల్లలున్న ఇంట్లో వీటిని బల్ల మీద వదలడానికి లేదు. రెండో కీని కూడా పాపకు అందకుండా బీరువాలో పైఅరకు మార్చేశాం.

సాయంత్రం కొండారెడ్డి బురుజు దాకా పోయొచ్చాం, పసుపు అక్షరాలు రాలేదు. కొత్త సెల్లు కదా, ఒక్క సాయంత్రానికి ఏమీ తేలదు. డైరీ ఆఖరి పేజీలో తేదీ వేసి రాసుకున్నా: హాలు కీ 3.27, బీరువా కీ 3.19. ఉగాది నాడు మళ్ళీ కొలవాలి. మల్టీమీటరు ఇచ్చిపోరా అంటే పరీక్షలున్నాయని మేనల్లుడు సంచీలో వేసుకుపోయాడు. ఒకటి కొనాలి, నూరు ఓముల రెసిస్టరుతో సహా.