నేను కొట్టిన మొదటి గుద్దుకు విరిగింది నా చెయ్యే

2024 దసరా అయిపోయిన వారం, రాత్రి తొమ్మిదిన్నరకి ఉప్పల్ నుంచి రామంతాపూర్ వస్తుంటే నా బండి అద్దం ఒక కారు డోరుకు రాసుకుంది. గీత కూడా సరిగ్గా పడలేదు. ఇద్దరు దిగారు. ఒకడు నా హెల్మెట్ మీద అరచేత్తో టపటపా కొడుతూ అమ్మను తిట్టడం మొదలుపెట్టాడు. నేను బండి స్టాండ్ వేసి, హెల్మెట్ తీసి (ఎందుకు తీశానో నాకే తెలీదు, ఆ రోజు నాకున్న ఒకే ఒక్క రక్షణ అది), ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మొహం మీద గుద్దబోయాను. వాడు తల వంచాడు. పిడికిలి వెళ్లి నుదుటి పైన తగిలింది. టక్కుమని శబ్దం వచ్చింది. వాడి తల పగిలిందనుకున్నా. కాదు, నా చెయ్యి.

తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. రెండోవాడు వెనక నుంచి చొక్కా పట్టి లాగాడు, వెల్లకిలా పడ్డాను, పక్కనే డివైడర్ రాయి. తల దానికి జానెడు దూరంలో నేలను తాకింది. జనం వచ్చి విడదీశారు. మొత్తం కలిపి పదిహేను సెకన్లు కూడా ఉండదు. ఇంటికి వచ్చేసరికి కుడిచెయ్యి బూరెలా పొంగింది. ఎక్స్‌రేలో చిటికెన వేలికి అరచేతిలో ఉండే ఎముక, కణుపు కిందే, విరిగి వంగి ఉంది. దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారని చెప్పి ఎముకల డాక్టరు నవ్వాడు. పేరుకే బాక్సర్స్ అండీ, నా దగ్గరికి వచ్చేవాళ్లంతా గోడల్నీ తలుపుల్నీ గుద్దినవాళ్లే అన్నాడు. నాలుగు వారాలు కట్టు. ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం, మౌస్ పట్టుకోవడం, ఆఫీసులో అడిగిన ప్రతివాళ్లకీ బాత్రూంలో జారానని చెప్పుకోవడం.

అసలు దెబ్బ చెయ్యి కాదు, స్టేషన్. వాళ్లు ఆ రాత్రే కంప్లైంట్ ఇచ్చారు. పక్క షాపు సీసీటీవీ ఫుటేజ్ ఉంది, కానీ అందులో శబ్దం లేదు. తిట్లు వినపడవు. హెల్మెట్ మీద కొట్టడం వాళ్ల వీపుల చాటున ఎక్కడో లీలగా ఉంది. నేను చెయ్యి లేపి గుద్దడం మాత్రం నడిరోడ్డు మీద, వీధిలైటు కింద, సినిమాలా కనిపిస్తోంది. "ముందు కొట్టింది నువ్వే కదా" అన్నారు పోలీసులు. నాకు మాట రాలేదు.

మా బాబాయి ఒకాయన సివిల్ కేసులు చూసే లాయరు. ఆయన కూర్చోబెట్టి చెప్పింది ముందే విని ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. కొత్త చట్టం, అంటే 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. నీ ఒంటికి ప్రమాదం వస్తుందన్న భయం సహేతుకంగా కలిగిన క్షణం నుంచి హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. అవసరానికి మించి కొట్టకూడదు. తిట్టు అనేది దాడి కాదు. వాడు వెనక్కి తిరిగి వెళ్లిపోతుంటే వెంటపడి కొట్టినది కూడా ఆత్మరక్షణ కాదు, కక్ష. "ఇంకో మాట రా, ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయం కింద లెక్కేస్తుంది. అదృష్టం ఏంటంటే విరిగింది నీదే" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు, నేను తప్ప. చివరికి రాజీ అయింది. డోరు పెయింటుకని ఎనిమిది వేలు ఇచ్చాను. లేని గీతకు ఎనిమిది వేలు, ఇప్పటికీ మండుతుంది.

కట్టు విప్పాక ఫిజియో, రబ్బరు బంతి నొక్కడం అన్నీ అయ్యాయి గానీ రోడ్డు మీద వెనక నుంచి ఎవరు హారన్ కొట్టినా గుండె దడదడలాడటం మాత్రం పోలేదు. 2025 జనవరిలో ఆత్మరక్షణ నేర్చుకుందామని బయలుదేరాను. మా ఆవిడ ఒకటే అడిగింది, "రెండో చెయ్యి కూడా విరగ్గొట్టుకుంటారా?" అని.

మొదట మూడు రోజుల సెల్ఫ్ డిఫెన్స్ వర్క్‌షాప్ ఒకటి చేశాను. దాని గురించి ఎక్కువ రాయను. రబ్బరు కత్తి ఇచ్చి, ఎదుటివాడు బట్టల షాపు బొమ్మలా చెయ్యి చాచి నిలబడితే మనం మణికట్టు మెలిపెట్టి కత్తి లాక్కోవాలి. మూడో రోజు నా జోడీని "ఒక్కసారి నిజంగా పొడవడానికి ట్రై చెయ్యండి బ్రదర్" అన్నాను. అరనిమిషంలో కడుపులో ఏడెనిమిది పోట్లు పడ్డాయి, ఒక్కటీ ఆపలేకపోయాను. సర్టిఫికెట్ మాత్రం ఇచ్చారు.

తర్వాత హార్డ్‌వేర్ షాపు పైన రెండో అంతస్తులో ఉండే బాక్సింగ్ జిమ్‌లో చేరాను. గోడ మీద నిఖత్ జరీన్ పెద్ద ఫోటో, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పటిది. మన నిజామాబాద్ అమ్మాయి. ఆ ఫోటో చూసి చేరిన ఆడపిల్లలే అక్కడ సగం మంది. నేర్పేది యాభై దాటిన మనిషి, అందరూ ఉస్తాద్ అంటారు. చెయ్యి చూపించి జరిగింది చెప్పాను. ఆయన నా చిటికెన వేలి దగ్గర నొక్కి చూశాడు. పిడికిలి బిగిస్తే అక్కడ కణుపు లేదు, లోపలికి దిగిపోయింది. "తల మీద కొట్టినవా? తల అంటే కొబ్బరికాయ భాయ్. చెయ్యి అంటే కోడి ఎముకలు" అన్నాడు.

మొదటి పదిహేను రోజులు గుద్దనివ్వలేదు. నిలబడటం, అడుగులు, స్కిప్పింగ్, అంతే. ముప్పై ఆరేళ్లవాణ్ని, పదహారేళ్ల పిల్లలు పక్కన ఎగురుతుంటే తాడు కాళ్లకు చుట్టుకుని సిగ్గుతో చచ్చాను. చేతికి బట్ట చుట్టుకోవడం నేర్చుకోవడానికే రెండు రోజులు పట్టింది, నాలుగున్నర మీటర్లు ఉంటుంది ఒక్కోటి. ఆ తర్వాతే గుద్దే బ్యాగ్ దగ్గరికి రానిచ్చాడు, అక్కడే నేను చేసిన తప్పు ఏంటో ఒంటికి అర్థమైంది. ఆ రాత్రి నేను చేతిని వెనక్కి గుండ్రంగా తిప్పి తెచ్చి కొట్టాను, అలా వచ్చే గుద్దు చిటికెన వేలి వైపు తగులుతుంది, అది పిడికిలిలో బలహీనమైన వైపు. చూపుడు వేలు, నడిమి వేలు కణుపులు తగలాలి, మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి, బొటనవేలు పిడికిలి బయట ఉండాలి. బలం భుజంలోంచి కాదు, వెనక కాలి మడమ తిరిగితే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఎంత స్పీడుగా వెళ్లిందో అంత స్పీడుగా గడ్డం దగ్గరికి తిరిగి రావాలి. ఈ ఒక్క ముక్క వంద సార్లు చెప్పించుకున్నాను. కొట్టాక చెయ్యి కిందికి జారేసేవాణ్ని, ఉస్తాద్ ప్రతిసారీ చెప్పుతో చెంప మీద తట్టేవాడు. చెప్పు అంటే కొత్తదే లెండి, దానికోసమే ఉంచుకున్నాడు.

మూడో నెలలో స్పారింగ్, అంటే ఎదురుగా మనిషితో ప్రాక్టీసు ఫైటు. పదహారు ఔన్సుల గ్లవ్స్, తలకు గార్డు, ఎదురుగా డిగ్రీ చదివే కుర్రాడు. బ్యాగ్ మీద మూడు నిమిషాల రౌండ్లు ఆరు చేసేవాణ్ని, ధీమాగానే వెళ్లాను. ముక్కు మీద ఒకటి పడగానే కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి బిగబట్టేశాను, నేర్చుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు, నిమిషానికే రింగు తాడు పట్టుకుని రొప్పుతున్నాను. కుర్రాడు పాపం "అంకుల్, ఆపుదామా" అన్నాడు. ఆ 'అంకుల్' గుద్దు కంటే గట్టిగా తగిలింది. కానీ నిజం చెప్పాలంటే నన్ను మార్చింది అదే, బ్యాగ్ కాదు. దెబ్బ తగిలినా కళ్లు తెరిచి ఉంచడం, ఊపిరి వదులుతూ ఉండటం, ఇది తినీ తినీ అలవాటు కావాల్సిందే. వీడియోలు చూస్తే రాదు.

శనివారాలు గ్లవ్స్ లేకుండా క్లాసు. గ్లవ్ ఉంటే ఎక్కడైనా కొట్టొచ్చు, వట్టి చేత్తో కుదరదని దానికోసమే పెట్టాడు ఉస్తాద్. మొహం మీదకైతే పిడికిలి వద్దు, అరచేతి అడుగున మణికట్టుకు ఆనుకుని ఉండే గట్టి భాగంతో గడ్డం, ముక్కు వైపు నెట్టినట్టు కొట్టాలి. మరీ దగ్గరికి వచ్చేస్తే మోచెయ్యి. ఎత్తు తన్నులు అస్సలు వద్దు, తంతే తొడ మీద, అది కూడా జీన్స్ వేసుకుని ఒకసారి తన్ని చూసుకోండి, ఎంత ఎత్తు లేస్తుందో. పడిపోతే గడ్డాన్ని ఛాతీకి ఆనించుకోవాలి, తల వెనక భాగం నేలకు తగలకూడదు. గుద్దుకు పోయే ప్రాణాల కంటే రోడ్డు తగిలి పోయేవే ఎక్కువ భయపెడతాయి ఉస్తాద్‌ని, ఆయన స్నేహితుడు ఒకడు అలాగే పోయాడట. ఇద్దరు వస్తే మధ్యలో ఉండొద్దు, పక్కకు జరుగుతూ ఒకడి వెనక ఇంకొకడు పడేలా చేసి, దారి కనపడగానే పరుగు. కత్తి చూపిస్తే ఫోను, పర్సు ఇచ్చెయ్యాలి. ఆ మూడు రోజుల వర్క్‌షాప్ గురించి చెబితే ఉస్తాద్ గట్టిగా నవ్వాడు, అంతే.

అన్నిటికంటే ఎక్కువ నేను కష్టపడింది తిట్ల డ్రిల్లులో. ఒకరు మీద మీదకు వస్తూ నోటికొచ్చిన బూతులు తిడతారు. మనం రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో ముందుకు పెట్టి, "అన్నా, తప్పయింది, వదిలెయ్" అంటూ వెనక్కి, పక్కకు జరుగుతూ చెయ్యిచాపు దూరం తగ్గకుండా చూసుకోవాలి. చూసేవాళ్లకు బతిమాలుతున్నట్టు ఉంటుంది, సీసీటీవీలో కూడా అలాగే కనపడుతుంది, కానీ చేతులు ఉండాల్సిన చోటే ఉంటాయి. మొదటి నాలుగు వారాలు అమ్మ మాట రాగానే నా చేతులు వాటంతటవే పిడికిళ్లయిపోయేవి. "ఆ మాటకే నీ చెయ్యి విరిగింది" అని ఉస్తాద్ గుర్తు చేసేవాడు.

పోయిన సెప్టెంబరులో పనికొచ్చింది, మరీ గొప్పగా కాదు. టిఫిన్ బండి దగ్గర పార్సిల్ కోసం నిలబడ్డాను. బాగా తాగినవాడు ఒకడు "ఏంరా చూస్తున్నవ్" అంటూ వచ్చాడు. అరచేతులు పైకి లేచాయి, నేను లేపలేదు. "ఏం లేదన్నా" అంటూ ఎడమకు జరిగాను. ఇంకా దగ్గరికి వచ్చి చెయ్యి విసిరాడు, పెద్ద గుండ్రటి గుద్దు, అచ్చం నాదే, ఏడాది కిందటిది. ముంజేతి మీద పడింది. అరచేత్తో ఛాతీ మీద ఒక్క తోపు తోశాను, రెండడుగులు వెనక్కి తూలి వెల్లకిలా వాలబోయాడు. అప్పుడు నేను చేసిన పని ఉస్తాద్ ఎక్కడా నేర్పలేదు, పరిగెత్తి వాడి చొక్కా పట్టుకున్నాను, తల నేలకు కొట్టుకుంటుందని భయమేసి. పట్టుకుంటే వాడు మళ్లీ కొట్టొచ్చు, నాకు తెలుసు. కొట్టలేదు, అక్కడే కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. బండి ఆయన మంచినీళ్లు ఇచ్చాడు.

నేను పార్సిల్ తీసుకోకుండానే బండెక్కి వచ్చేశాను. ఇంటి కింద పార్కింగ్‌లో పావుగంట కూర్చున్నా చేతుల వణుకు తగ్గలేదు, తాళం చెవి రెండుసార్లు కింద పడింది. పైకి వెళ్తే మా ఆవిడ ఇడ్లీలేవని అడిగింది. మర్చిపోయానన్నాను. నా కుడిచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, ఉప్మా చేస్తా" అంది.