ఖర్చులో లేని నొప్పి

లాభం ఆశ లేకపోతే ఎవరూ కొత్తది కనిపెట్టరని, మార్కెట్‌ని దాని మానాన వదిలేస్తే జనానికి కావాల్సినవన్నీ వాటంతట అవే వస్తాయని మొన్న మా ఆఫీసులో ఒకాయన గట్టిగా వాదించారు. నేను ఆలేరు వైపు చేనేత ఇంట్లో పుట్టినదాన్ని. నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆసు పని సంగతి తెలిసినవాళ్లు ఆ మాట ఒప్పుకోలేరు.

పోచంపల్లి రకం పట్టుచీర మగ్గం ఎక్కేముందే దారానికి డిజైను ప్రకారం చిటికీలు, అంటే రంగు అంటకుండా బిగుతు కట్లు, కట్టి రంగులు అద్దుతారు. దానికీ ముందు పేక దారాన్ని, అంటే అడ్డంగా నేసే దారాన్ని, ఆసు పోయాలి. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో బారుగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. అమ్మ వంట ముగించి ఆసు ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. చెయ్యి పైకి లేవక, నాకు జడ వేయమని పెద్దమ్మ దగ్గరికి పంపేది.

దీనికి విడిగా కూలి లేదు. షావుకారు చీరకు ఇంత అని నాన్న చేతిలో పెట్టేవాడు. ఆసు, కండెలకు దారం చుట్టడం, చిటికీలు అన్నీ అందులోనే. తన జేబులోంచి పైసా పోని పనిని తేలిక చేయాలని ఏ వ్యాపారికి మాత్రం ఎందుకు తోస్తుంది? మా చీరలు దేశమంతా అమ్ముడుపోతున్న కాలంలోనూ ఆడవాళ్ల భుజాలు అలాగే అరిగిపోయాయి.

ఆ పనికి యంత్రం చేసింది శారాజీపేట నేతన్న చింతకింది మల్లేశం గారు. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టారు. అప్పులు పెరిగాయి, మధ్యలో హైదరాబాద్ వచ్చి ఎలక్ట్రీషియన్ పని చేసుకున్నారు. 1999లో గానీ యంత్రం పూర్తి కాలేదు. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగింది. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది. లాభమే చూసుకునే మనిషి అన్నేళ్ల నష్టాన్ని భరించడు.

అలాగని లాభాన్ని తీసిపారేయను. ఆ యంత్రం ఇంటింటికీ చేరిందంటే నేతవాళ్లకు గిట్టుబాటయింది కాబట్టే. రోజుకు ఐదారు చీరల ఆసు పోయగలిగితే పక్కింటివాళ్లది కూడా కూలికి పోసి యంత్రం అప్పు తీర్చుకోవచ్చు. పుట్టించింది అమ్మ మీద ప్రేమ, ఊళ్లు తిప్పింది లెక్క.

అయితే ఈ ప్రేమ మాటను వాడుకునేవాళ్లంటే నాకు మంట. కూలి పెంచమని అడిగితే ఒక వ్యాపారి నాన్నతో, "నీది కళ గదా, కళాకారునికి పైసల మీద ధ్యాస ఎందుకే?" అన్నాడు. నాన్నకు డిజైను మీద ఇష్టం నిజమే. అంచులో ఒక్క గడి జరిగినా అన్నం సహించేది కాదు. ఆ ఇష్టాన్ని చూపించే కూలి కోసేశారు. అందుకే మా వీధిలో కొడుకులెవరూ మగ్గం ఎక్కలేదు, భీవండి, సూరత్ దారి పట్టారు.

ఇప్పుడు చీరలు తెప్పించుకునే స్నేహితులందరికీ ఒకటే చెప్తున్నాను: నేత కూలి ఎంత ఇచ్చారని అడగండి, ఆసుకూ చిటికీలకూ విడిగా ఎంత ఇచ్చారో, ఎవరి చేతికిచ్చారో కూడా అడగండి.