కార్డు పోయిందన్నారు

పదకొండున్నర అయింది. అందరూ పడుకున్నారు. నేనూ పడుకోవాలి, కానీ మధ్యాహ్నం నుంచి ఒక్క మాట చెవిలో తిరుగుతోంది. "పోయింది." ఆ మాట మీద కోపం దిగితే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

నిన్న రాత్రి హాల్లో కంప్యూటర్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఎక్కించాను. రెండు నెలల నుంచి వాయిదా వేస్తున్న పని. లినక్స్ కాబట్టి పాత వెర్షన్ మీదే కొత్తది ఎక్కుతుంది, ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పన్నెండు దాటాక అయింది. రీబూట్ చేశాను, లాగిన్ స్క్రీన్ వచ్చింది, హమ్మయ్య అనుకుని మానిటర్ ఆపేశాను. నెట్ వస్తోందో లేదో చూడలేదు. ఆ ఒక్క నిమిషం కూర్చోవాల్సింది.

పొద్దున ఏడింటికి అత్తయ్య టీవీ పెట్టుకుంటే ప్రవచనాలు రాలేదు. అవన్నీ ఆ కంప్యూటర్లోంచే కదా టీవీకి వచ్చేది. మా పెద్దమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు పంపాలని కూర్చుంటే నెట్ లేదు. నాకు తొమ్మిదింటికి చిన్నోడి స్కూల్లో మీటింగ్. పెద్దదాని ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వచ్చేట్టు టెదరింగ్ పెట్టిచ్చాను, రిపోర్టు వెళ్ళిపోయింది. "నేనొచ్చి చూస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి మరీ వెళ్ళాను.

ఒంటిగంటకి తిరిగొచ్చేసరికి ఈయన ఇంట్లో లేరు. ఇక్కడ బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్ళారట. కె.ఆర్.పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగి, ఆ శనివారం జనంలో నడిచి, కంప్యూటర్‌ని నెట్‌కి కలిపే కొత్త నెట్‌వర్క్ కార్డు కొనడానికి. ఎందుకంటే పక్క వీధిలో రిపేరు కుర్రాణ్ణి పిలిపించారు. అతను వచ్చాడు, కేబుల్ పీకి మళ్ళీ పెట్టాడు, వెనక్కి వంగి చూశాడు, "కార్డు పోయింది సార్, బోర్డుతో వచ్చిందే కాబట్టి బాగవదు, విడిగా కార్డు వేసుకోండి" అన్నాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదని అత్తయ్య చెప్పారు.

నాలుగు వందల గురించి కాదు నా బాధ. నిన్న సాయంత్రం దాకా పనిచేసిన కార్డు. మధ్యలో ఉరుము లేదు, పిడుగు లేదు, కరెంటు కూడా పోలేదు. మారింది ఒక్కటే, ఆపరేటింగ్ సిస్టమ్. అలాంటప్పుడు ముందు అడగాల్సింది "రాత్రి ఏం చేశారు?" అని కదా. ఆ ప్రశ్న అతను అడగలేదు, పోనీ ఈయనైనా చెప్పలేదు. నేను రాత్రి పన్నెండు దాకా దాని ముందు కూర్చున్నది ఇంట్లో అందరూ చూశారు. అయినా ఒకళ్ళు "పోయింది" అనగానే అందరూ "అయ్యో పోయిందా" అనేశారు. డాక్టరు దగ్గరికి వెళ్తే నిన్న ఏం తిన్నావని అడుగుతాడు కదా. ఒక యంత్రానికి ఆపాటి విచారణ కూడా ఉండదా?

అన్నం తినకుండానే దాని ముందు కూర్చున్నాను. ముందు, లోపలి పరికరాల జాబితాని డ్రైవర్లతో సహా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ -కే కమాండ్ కొట్టాను. కార్డు కనిపించింది. దాని కిందే, కార్డుని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, ఆర్8169 అని ఉంది. కార్డు నిజంగా చచ్చిపోతే మామూలుగా ఈ జాబితాలోకే రాదు. కొత్త కెర్నల్‌తో, అంటే సిస్టమ్ గుండెకాయతో, డ్రైవర్ తగువు పెట్టుకుంటే ఆ డ్రైవర్ లైను ఉండదు. రెండూ ఉన్నాయి. తర్వాత, నెట్‌వర్క్ కార్డుల పేర్లు చూపే ఐపీ లింక్ కమాండ్. ఇన్నేళ్ళుగా ఈఎన్‌పీ3ఎస్0 అని ఉండే చోట ఈఎన్‌ఓ1 అని ఉంది, పక్కనే డౌన్ అని. కెర్నల్ లాగ్ తీస్తే, మొదట ఇచ్చిన ఈథ్0 పేరు ఈఎన్‌ఓ1గా మార్చాం అని బూట్ అయిన కొద్ది సెకన్లకే ఒక లైను రాసి పెట్టుంది. ఆ కిందెక్కడో నెట్‌వర్క్ సర్వీసు మొర: ఈఎన్‌పీ3ఎస్0 అనే పరికరం దొరకడం లేదు.

అంతే. కార్డుకి ఏమీ కాలేదు. దాని పేరు మారింది. టీవీ కోసం 192.168.1.10 అని స్థిరంగా ఒక అడ్రస్ ఇచ్చి, ఈఎన్‌పీ3ఎస్0 అనే పేరు మీద సెట్టింగ్స్ ఫైల్లో నేనే ఎప్పుడో రాశాను. ఆ పేరుగలవాడు ఇప్పుడు ఇంట్లో లేడు. ఉన్నవాణ్ణి ఎవరూ లేపలేదు.

అది చూస్తుంటే నాకు నాన్న సైకిల్ గుర్తొచ్చింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ మార్చారు. అప్పటికింకా బీఎస్ఎన్ఎల్ అనే పేరు లేదు, టెలికాం డిపార్ట్‌మెంట్ అనేవాళ్ళం. కొత్తగా, ప్రభుత్వ సంస్థ సీ-డాట్ రూపొందించిన ఎక్స్‌ఛేంజీ వచ్చింది. వాళ్ళ మొదటి పల్లె ఎక్స్‌ఛేంజీ 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారట. నేను బెంగళూరులో ఉద్యోగానికి చేరినప్పుడు నాన్న మొదట అడిగింది, కిత్తూరు మీకు ఎంత దూరం అని. సరే, ఆ మార్పు జరిగిన రాత్రి ఊళ్ళో మూడంకెల నంబర్లన్నీ ఐదంకెలయ్యాయి. మర్నాటి నుంచి ఒకటే ఫిర్యాదులు, ఫోను డెడ్డు, ఫోను డెడ్డు అని. నాన్న లైన్‌మన్. టెస్ట్ ఫోను భుజానికి తగిలించుకుని సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగాడు. ఏ ఇంట్లోనూ ఫోను విప్పేవాడు కాదు. రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, గుయ్‌మన్న చప్పుడు విని, జేబులోంచి కాగితం చీటీ తీసి, కొత్త నంబరు రాసి ఫోను మీద అంటించి వచ్చేవాడు. మైదా ఉడికించి ఇచ్చింది అమ్మ. రెండు రోజులు ఇల్లంతా మైదా వాసన.

రైల్వే గేటు అవతల ఒక అవ్వ ఉండేది. కొడుకు కువైట్‌లో. ఆ ఫోను పెట్టించిందే వాడి కోసం. ఇంకెవరూ ఆమెకి చేయరు, ఆమె ఎవరికీ చేయదు. కాబట్టి ఫిర్యాదు కూడా రాయలేదు, నాన్న చీటీల్లో ఆ ఇల్లు జారిపోయింది. ప్రతి శుక్రవారం కొడుక్కి సెలవు, ఆ రోజు ఫోను వచ్చేది. ఒక శుక్రవారం రాలేదు. రెండోదీ రాలేదు. మూడో వారం అవ్వ మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, ఫోను గురించి ఒక్క మాట కూడా అడగకుండా, "నా కొడుకు నన్ను మరిచిపోయినాడు నాయనా" అంది. నాన్నకి అర్థమై ముఖం ఎలా అయిపోయిందో నాకిప్పటికీ కనిపిస్తుంది. "నీ కొడుకు మరిచిపోలేదవ్వా, తప్పు నాది" అన్నాడు. అప్పటికప్పుడు పోస్టాఫీసుకి వెళ్ళి విదేశాలకి పంపే ఏరోగ్రామ్ కాగితం తెచ్చాడు. నా చేతిరాత బాగుంటుందని నాతో రాయించాడు. ఐదంకెలూ పెద్దగా, విడివిడిగా రాయమన్నాడు. ఎస్టీడీ కోడ్ కూడా. ఆ ఉత్తరం చేరి, ఆ తర్వాత వచ్చిన శుక్రవారం నాన్న డ్యూటీ లేకపోయినా అవ్వ ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. ఫోను మోగాక ఇంటికొచ్చి అన్నం తిన్నాడు.

ఇంత రాయాలని అనుకోలేదు.

మధ్యాహ్నం లాగ్‌లో ఆ లైను చూసినప్పుడు ఇంక ఈ కంప్యూటర్‌కి అప్‌గ్రేడే చేయనని ఒట్టు పెట్టుకున్నాను. ఉన్న పేరు మార్చడం ఎవరికి ఉపయోగం అని మండిపడ్డాను. ఇప్పుడు రాస్తుంటే అలా అనిపించడం లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రెండేసి కార్డులున్న సర్వర్లు ఉండేవి. ముందు ఏది కనబడితే అది ఈథ్0, తర్వాతది ఈథ్1. రీబూట్ చేస్తే కొన్నిసార్లు రెండూ తారుమారయ్యేవి, లోపలి కేబుల్‌కి బయటి అడ్రస్ వచ్చేది. ఒక రాత్రంతా డేటా సెంటర్లో చలికి వణుకుతూ కూర్చున్నాను దాని వల్ల. అది ఆగాలనే 2013 జనవరిలో, లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ 197 వెర్షన్‌లో, కార్డు ఉన్న చోటుని బట్టి పేరు పెట్టే పద్ధతి తెచ్చారు. పీ3 అంటే మూడో నంబరు పీసీఐ బస్సు (బోర్డు మీద కార్డులు తగిలే దారి), ఎస్0 అంటే సున్నా నంబరు స్లాట్. మదర్‌బోర్డు తనంతట తాను ఆ కార్డుకి ఒక నంబరు చెబితే మాత్రం ముందు దాన్నే తీసుకుంటుంది, ఓ1 అందులోంచి వచ్చిందే. పాత వెర్షన్ ఆ నంబరు చదవలేదు, కొత్తది చదివింది. అంటే పొరపాటు పద్ధతిది కాదు. మారే అవకాశం ఉన్న పేరు మీద అడ్రస్ కట్టింది నేను.

ఆ కుర్రాడి మీద కూడా కోపం కొంత తగ్గింది. అతను వెనక్కి వంగి చూసింది కార్డు దగ్గరి లైటు కోసం. అది వెలగడం లేదు, కాబట్టి పోయిందనుకున్నాడు. సిస్టమ్ ఆ కార్డుని లేపకపోతే చాలా కార్డుల్లో లైటు వెలగదని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. నేను ఈఎన్‌ఓ1ని అప్ చేయగానే పచ్చ లైటు వచ్చింది. చిన్న సంతోషమే గానీ, నిజంగా ఒళ్ళు తేలికయింది. రేపు కనిపిస్తే అతనికి చెప్తాను. కోప్పడకుండా చెప్తాను.

పేరు సంగతి కూడా తేల్చేశాను. కార్డుకి పుట్టుకతో వచ్చిన మ్యాక్ అడ్రస్ రాసి, ఈ అడ్రస్ ఉన్నదానికి లాన్0 అని పేరు పెట్టు అని సిస్టమ్‌డీ నెట్‌వర్క్ ఫోల్డర్లో ఒక లింక్ ఫైల్ పెట్టాను. సెట్టింగ్స్‌లో కూడా లాన్0 అని మార్చాను. బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలు మళ్ళీ తయారు చేసి, ఈసారి మూడుసార్లు రీబూట్ చేసి చూశాను. ఇంక బస్సు నంబరు మారినా, పక్కన ఇంకో కార్డు వేసినా పేరు అదే. ఒక కాగితం మీద పాత పేరు, కొత్త పేరు, ఇవాళ్టి తేదీ రాసి సీపీయూ పక్కన సెలోటేప్‌తో అంటించాను.

ఈయన నాలుగింటికి వచ్చారు, చొక్కా అంతా తడిసిపోయి. అప్పటికి టీవీలో ప్రవచనం వస్తోంది. చూశారు, చేతిలో కవరు ఫ్రిజ్ మీద పెట్టారు, కాళ్ళు కడుక్కుని కాఫీ అడిగారు. నేను ముట్టుకోవద్దని చెప్పాను కదా అందామనుకున్నాను. ఆ తడిసిన చొక్కా చూసి అనలేకపోయాను. ఇప్పుడు అనలేదే అని బాధగానూ ఉంది. కార్డు వాపసు తీసుకుంటారో లేదో సోమవారం ఫోన్ చేసి కనుక్కుంటారట.

పొద్దున అమ్మకి ఫోన్ చేయాలి. గేటు అవతల అవ్వ పేరేమిటో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.